కొట్టుకునే గుండెకు అయస్కాంత చిత్రం

గుండె జబ్బులను గుర్తించడానికి ఇరవయ్యో శతాబ్దం వైద్యుల చేతికి ఇచ్చిన సాధనాలు ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పాయి. శతాబ్ది ఆరంభంలో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో విలెమ్ ఐంథోవన్ రూపొందించిన ఈసీజీ గుండెలోని విద్యుత్తు నడకను గీతగా చూపింది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ శబ్దతరంగాలతో మొదలుపెట్టిన ఎకో పరీక్ష గుండె గోడల, కవాటాల కదలికను చూపింది. 1958లో క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ ఆరంభించిన కరోనరీ యాంజియోగ్రామ్, గుండెకు రక్తం మోసే ధమనుల్లో పూడిక ఎక్కడ ఉందో చూపింది. అయినా గుండెపోటు వచ్చిన మనిషి గుండె కండరంలో ఎంత భాగం చచ్చిపోయిందో, ఎంత భాగం ఇంకా బతికి ఉందో వీటిలో ఏదీ సూటిగా చెప్పలేకపోయింది. ఆ జవాబు చివరికి ఎం.ఆర్.ఐ. నుంచి, అంటే అయస్కాంత అనునాదంతో శరీరం లోపలి బొమ్మ తీసే పద్ధతి నుంచి వచ్చింది. మెదడు, వెన్నెముకల విషయంలో త్వరగానే స్థిరపడిన ఈ పద్ధతి గుండె దగ్గరకు వచ్చేసరికి ఇరవై ఏళ్లకు పైగా తడబడింది. గుండె ఒక్క క్షణం కూడా కదలకుండా ఉండకపోవడమే దానికి ప్రధాన కారణం.

ఈ పద్ధతికి మూలం వైద్యం కాదు, భౌతికశాస్త్రం. శరీరంలో అధికభాగం నీరు. నీటిలోని ప్రతి హైడ్రోజన్ కేంద్రకం, అంటే ప్రోటాన్, ఒక సూక్ష్మమైన అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచినప్పుడు ఈ ప్రోటాన్లు ఆ క్షేత్ర బలానికి తగిన ఒకే ఒక పౌనఃపున్యం గల రేడియో తరంగానికి స్పందిస్తాయి. ఆ తరంగాన్ని ఆపగానే పుచ్చుకున్న శక్తిని విడిచి మెల్లగా తమ పూర్వస్థితికి చేరుకుంటాయి, చేరుకునేటప్పుడు తామే ఒక బలహీనమైన రేడియో సంకేతాన్ని వెలువరిస్తాయి. నేటి ఆసుపత్రుల్లో సాధారణంగా కనిపించే 1.5 టెస్లా యంత్రంలో ఈ పౌనఃపున్యం సుమారు 64 మెగాహెర్ట్జ్. ఆ క్షేత్రం భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు ముప్పై వేల రెట్లు. ఘన, ద్రవ పదార్థాల్లో ఈ అనునాదాన్ని 1946లో స్టాన్‌ఫర్డ్‌లో ఫెలిక్స్ బ్లాక్, హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ వేర్వేరుగా కనిపెట్టి, 1952లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఆ తరువాత పాతికేళ్ల పాటు ఇది ప్రధానంగా భౌతిక, రసాయన శాస్త్రవేత్తల పనిముట్టుగానే ఉండిపోయింది.

ఆ పాతికేళ్లలోనే, గుండె పరీక్షకు పునాది అని చెప్పదగిన ఒక పని భారతదేశంలో జరిగింది. 1951లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జి. సూర్యన్, గొట్టంలో పారుతున్న ద్రవం నుంచి వచ్చే అనునాద సంకేతం నిలిచి ఉన్న ద్రవం నుంచి వచ్చే సంకేతానికి భిన్నంగా ఉంటుందని చూపించాడు. పారే ద్రవంలో తరంగం తగిలిన ప్రోటాన్లు ముందుకు వెళ్లిపోయి, వాటి స్థానంలోకి కొత్తవి వస్తూ ఉంటాయి కనుక సంకేతంలో ప్రవాహవేగం జాడ ఉంటుంది. 1959లో అమెరికాలోని బర్క్‌లీలో జె. ఆర్. సింగర్ ఇదే సూత్రం మీద ఎలుకల తోకల్లోని రక్తప్రవాహాన్ని కొలిచాడు. కవాటం గుండా ఎంత రక్తం ముందుకు పోతున్నదీ, ఎంత వెనక్కి కారుతున్నదీ ఎం.ఆర్.ఐ. యంత్రం నేడు మిల్లీలీటర్లలో లెక్క చెబుతున్నదంటే, ఆ లెక్క నిలబడింది ప్రవాహం సంకేతాన్ని మారుస్తుందన్న సత్యం మీదే; ఆ సత్యాన్ని తొలినాళ్లలోనే గమనించినవారిలో సూర్యన్ ఒకడు. ఈ చరిత్ర రాసేవారు ఆయన పేరును తరచుగా వదిలేయడం న్యాయం కాదు.

సంకేతం నుంచి బొమ్మకు దారి చూపినవాడు న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీబ్రూక్‌లో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త పాల్ లాటర్‌బర్. అయస్కాంత క్షేత్రం అంతటా ఒకే బలంతో ఉంటే సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఒక వైపు కొంచెం ఎక్కువగా, మరో వైపు కొంచెం తక్కువగా ఉండేటట్టు వాలు కల్పిస్తే, ఒక్కో చోటి ప్రోటాన్లు ఒక్కో పౌనఃపున్యంలో పలుకుతాయి కనుక, పౌనఃపున్యాన్ని బట్టి చోటును గుర్తించవచ్చు. ఈ ఆలోచనతో ఆయన రెండు సన్నని నీటి గొట్టాల అడ్డుకోత బొమ్మను తీసి 1973లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించాడు. ఆ పత్రిక మొదట ఆ వ్యాసాన్ని తిప్పి పంపింది. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ 1977లో ఎకో ప్లేనార్ అనే అతివేగ పద్ధతిని ప్రతిపాదించి, ఒక్క రేడియో ప్రేరణతోనే మొత్తం బొమ్మను రాబట్టవచ్చని చూపించాడు. లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. కణితి కణజాలానికీ ఆరోగ్యమైన కణజాలానికీ అనునాద సంకేతంలో తేడా ఉంటుందని 1971లోనే ప్రకటించిన రేమండ్ డమాడియన్‌కు అందులో వాటా దక్కకపోవడం మీద వివాదం నేటికీ ముగియలేదు. అయితే మనిషి మొండెపు తొలి అడ్డుకోత బొమ్మ ఆయన బృందానిదే, అదీ ఛాతీ బొమ్మ కావడం గమనార్హం. 1977 జులై 3న బ్రూక్లిన్‌లో ఆయన బృందంలోని ఒక యువకుడు యంత్రంలో కూర్చోగా, ఒక్కో బిందువు దగ్గరా శరీరాన్ని జరుపుతూ 106 బిందువుల సంకేతాలు తీయడానికి దాదాపు అయిదు గంటలు పట్టింది. ఆ మసక బొమ్మలో గుండె ఒక నీడలా కనిపించింది. ఆ అయిదు గంటల్లో ఆ గుండె ఇరవై వేల సార్లకు పైగా కొట్టుకొని ఉంటుంది. ఆ కొట్టుకోవడంలో ఒక్కటి కూడా బొమ్మలోకి రాలేదు.

1980 దశకపు పరిశోధన అంతా ఈ కదలికతో పోరాటమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంలో చార్లెస్ హిగ్గిన్స్ బృందం, మరికొన్ని బృందాలు బొమ్మ తీయడాన్ని ఈసీజీకి ముడిపెట్టాయి. ఈసీజీలో నిటారుగా లేచే ఆర్ తరంగం కనబడిన ప్రతిసారీ, దాని తరువాత ఒకే నిర్ణీత వ్యవధిలో, గుండె ఒకే దశలో ఉన్నప్పుడు బొమ్మకు కావలసిన సమాచారంలో ఒక చిన్న భాగాన్ని మాత్రమే యంత్రం సేకరిస్తుంది. మగ్గం మీద ఒక్కో పేకపోగు పడుతూ బట్ట తయారైనట్టు, వందలాది స్పందనల మీద ఒక బొమ్మ తయారయ్యేది. ఇక్కడ అయస్కాంతమే ఒక చిక్కు తెచ్చిపెట్టింది. రక్తం విద్యుద్వాహకం, బలమైన అయస్కాంత క్షేత్రంలో అది బృహద్ధమని గుండా పారినప్పుడు దానిలో ఒక వోల్టేజీ పుడుతుంది, అది ఈసీజీలోని టి తరంగం మీద చేరి దాన్ని ఉబ్బిస్తుంది, ఉబ్బిన టి తరంగాన్ని యంత్రం ఆర్ తరంగంగా పొరబడుతుంది. రోగి ఛాతీకి అతికించిన ఎలక్ట్రోడ్లను ఊడదీసి, చర్మాన్ని మళ్లీ తుడిచి, మరో చోట అతికించి, గీత సరిగ్గా వచ్చేదాకా వేచి చూడడం ఈ పరీక్ష చేసే టెక్నీషియన్లకు నేటికీ తప్పని పని. గుండె కదలికకు తోడు ఊపిరి కదలిక ఒకటి ఉంది. 1980 దశకం మధ్యలో జర్మనీలోని గ్యోటింగెన్‌లో ఆక్సెల్ హాసే, యెన్స్ ఫ్రామ్ తదితరులు ఫ్లాష్ అనే వేగవంతమైన పద్ధతిని కనిపెట్టాక, ఒక్కసారి ఊపిరి బిగబట్టే వ్యవధిలో బొమ్మ ముగించే దారి ఏర్పడింది. గుండె ముడుచుకోవడం, విప్పారడం సినిమాలా చూడడం వీలైంది. 1988లో జాన్స్ హాప్కిన్స్‌లో ఇలియాస్ జెర్హూనీ, మరుసటి ఏడాది లియోన్ ఆక్సెల్, కండరం మీద అయస్కాంతంతోనే నల్లని గీతలు గీసి, ఆ గీతలు వంగే తీరును బట్టి గోడలోని ఏ భాగం ఎంత మెలిదిరుగుతున్నదో కొలిచే పద్ధతులు చూపించారు.

ఇంత శ్రమ పడ్డాక కూడా హృద్రోగ వైద్యులు ఈ పరీక్షను తమదిగా భావించలేదు. దీనికి పట్టే సమయం ఎక్కువ, ఖర్చు ఎక్కువ. గుండె ఆకారాన్నీ కదలికనూ మంచం పక్కన ఎకో యంత్రం కొన్ని నిమిషాల్లో చూపించేది. పూడుకున్న ధమనులను ఎం.ఆర్.ఐ. ద్వారా చూడాలన్న ఆశ మీద ఎన్నో ఏళ్లు గడిచాయి గాని, కొద్ది మిల్లీమీటర్ల మందంతో మెలికలు తిరిగి గుండెతోపాటు ఎగిరిపడే ఆ నాళాల విషయంలో చివరికి సీటీ స్కానే పైచేయి సాధించింది. ఎం.ఆర్.ఐ. బలం నాళాల్లో లేదు, కండరంలో ఉంది. ఆ సంగతి స్పష్టం కావడానికి శతాబ్ది చివర దాకా పట్టింది.

దాన్ని స్పష్టం చేసినది గాడోలినియం. ఇది ఒక అరుదైన లోహం. విషప్రభావం లేకుండా మరొక అణువుతో గట్టిగా బంధించి నరంలోకి ఎక్కిస్తారు. ఆ రకం మందుల్లో మొదటిదానికి 1988లో అమెరికాలో అనుమతి లభించింది. గాడోలినియం చేరిన చోట ప్రోటాన్లు తొందరగా పూర్వస్థితికి వస్తాయి కనుక ఆ చోటు బొమ్మలో తెల్లగా మెరుస్తుంది. ఆరోగ్యమైన గుండె కండరంలో కణాలు దగ్గరదగ్గరగా పేర్చినట్టు ఉంటాయి, మందు కణం లోపలికి పోలేదు, కాబట్టి పది నిమిషాల్లో చాలావరకు కడుక్కుపోతుంది. గుండెపోటులో కణాలు చచ్చి వాటి పొరలు చిరిగినప్పుడు గాని, తరువాత ఆ చోట మచ్చ కట్టి పీచు పదార్థం నిండినప్పుడు గాని, మందుకు చోటు దొరికి అక్కడే నిలుస్తుంది. షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో రేమండ్ కిమ్, రాబర్ట్ జడ్, వారి సహచరులు బతికిన కండరం పూర్తిగా నల్లగా, మచ్చ తెల్లగా కనబడేటట్టు బొమ్మ తీసే పద్ధతిని స్థిరపరిచారు.

వారు 2000 నవంబరులో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో ప్రచురించిన వ్యాసం ఈ చరిత్రలో మలుపు. గుండె బలహీనపడిన 50 మంది రోగులను బైపాస్ శస్త్రచికిత్సకు గాని, స్టెంటు వంటి చికిత్సకు గాని ముందు గాడోలినియంతో పరీక్షించి, చికిత్స తరువాత గుండెలోని ఏ భాగం కోలుకున్నదో మళ్లీ చూశారు. చికిత్సకు ముందు సరిగా కదలని భాగాల్లో, తెల్లదనం బొత్తిగా లేని 329 భాగాలను లెక్కిస్తే 256 తిరిగి బలం పుంజుకున్నాయి. గోడ మందంలో నాలుగింట మూడు వంతులకు మించి తెల్లబారిన 58 భాగాల్లో ఒక్కటంటే ఒక్కటే కోలుకున్నది. కదలని కండరమంతా చచ్చినది కాదనీ, రక్తం చాలక పని మానుకొని నిద్రాణంగా ఉన్న కండరం ఉంటుందనీ వైద్యులకు అంతకుముందే తెలుసు. ఛాతీ కోయకముందే ఆ రెంటినీ ఒకే బొమ్మలో, మిల్లీమీటర్ల వివరంతో వేరుచేసి చూపడం మాత్రం కొత్త. అప్పటి నుంచి ఈ పరీక్ష పరిధి గుండెపోటును దాటి విస్తరించింది. గుండెపోటు మచ్చ రక్తం అందని లోపలి పొర నుంచి మొదలై బయటికి పాకుతుంది. వైరస్ వల్ల కండరం వాచినప్పుడు మచ్చ తరచుగా బయటి పొరలోనో గోడ నడుమనో కనిపిస్తుంది. అందుచేత గుండెపోటు లక్షణాలతో వచ్చి, యాంజియోగ్రామ్‌లో పూడిక కనబడని యువకుడికి ఉన్నది ఏ జబ్బో మచ్చ ఉన్న చోటును బట్టే చాలాసార్లు తేల్చవచ్చు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో 752 మంది రోగుల మీద జరిపి 2012లో ‘లాన్సెట్’లో ప్రకటించిన అధ్యయనంలో, ధమని పూడిక వల్ల వచ్చే జబ్బును ఎం.ఆర్.ఐ. 86.5 శాతం మందిలో పట్టుకోగా, రేడియోధార్మిక మందుతో చేసే స్పెక్ట్ పరీక్ష 66.5 శాతం మందిలోనే పట్టుకున్నది.

ఈ దారిలో హెచ్చరికలు కూడా ఎదురయ్యాయి. మూత్రపిండాలు బాగా చెడినవారిలో గాడోలినియం వల్ల చర్మం, కండరాలు బిగుసుకుపోయే తీవ్రవ్యాధి రావచ్చని 2006లో బయటపడటంతో, మందు ఇచ్చే ముందు మూత్రపిండాల పరీక్ష చేసే జాగ్రత్త వచ్చింది. పేస్‌మేకర్ ఉన్నవారికి చాలాకాలం ఈ పరీక్ష నిషిద్ధంగానే ఉండేది, ఎం.ఆర్.ఐ.ని తట్టుకునేలా తయారైన పేస్‌మేకర్‌కు అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది.

వీటన్నిటికన్నా సాదాసీదా పద్ధతి ఒకటి ఎందరో చిన్నపిల్లల ప్రాణాలకు అక్కరకు వచ్చింది. తలసీమియా అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించక తప్పదు; ఎక్కించిన ప్రతి సీసాతోపాటు ఇనుము శరీరంలో చేరి, బయటికి పోయే మార్గం లేక, గుండెలో పేరుకుంటుంది. ఇనుమును నిల్వ ఉంచే ఫెర్రిటిన్ అనే ప్రోటీన్‌ను రక్తంలో కొలిచే పరీక్ష గుండెలోని ఇనుమును నమ్మకంగా చెప్పదు, ఎకోలో తేడా కనబడేసరికి ఆలస్యమైపోతుంది. లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో లీసా ఆండర్సన్, డడ్లీ పెన్నెల్ బృందం 2001లో, ఇనుము ఉన్న కండరంలో సంకేతం త్వరగా ఆరిపోతుందన్న సూత్రం మీద టి2 స్టార్ అనే కొలతను ప్రవేశపెట్టింది. అది 20 మిల్లీసెకన్లకు తగ్గితే గుండెలో ఇనుము చేరుతున్నట్టు, 10కి తగ్గితే గుండె విఫలమయ్యే ప్రమాదం దగ్గరపడినట్టు లెక్క. అప్పుడు ఇనుమును తోడేసే మందును పెంచుతారు. బ్రిటన్‌లో ఈ పరీక్ష, కొత్త మందులు కలిసి వచ్చాక ఇనుము వల్ల తలసీమియా రోగుల్లో సంభవించే మరణాలు గణనీయంగా తగ్గాయి. తెలుగునాట కూడా తలసీమియా పిల్లలున్న కుటుంబాలు తక్కువేమీ కావు. వారికోసం పనిచేసే సంఘం హైదరాబాద్‌లో ఉంది. నెల తప్పకుండా రక్తం ఎక్కించుకునే బిడ్డ పదేళ్ల వయసుకు చేరుతున్నప్పుడు, ఫెర్రిటిన్ కాగితంతో సరిపెట్టుకోకుండా గుండె టి2 స్టార్ పరీక్ష ఎప్పుడు చేయించాలో తల్లిదండ్రులు వైద్యుడిని అడగాలి. దానికి గాడోలినియం అక్కరలేదు, సూది అక్కరలేదు. ఒక్కసారి ఊపిరి బిగబట్టగలిగితే కొలతకు కావలసిన బొమ్మలు వచ్చేస్తాయి.