గోడ ఆపలేని మాట

దోషిని చెరసాలలో పెట్టి తలుపు మూస్తే నేరం ఆగిపోతుందని మనం అనుకుంటాము. సిసిలీ చరిత్ర చదివాక ఆ నమ్మకం నాలో సడలింది. పలెర్మో నగరంలోని ఉచ్చర్దోనే కారాగారాన్ని జనం వెటకారంగా 'గ్రాండ్ హోటల్' అనేవారు. మాఫియా పెద్దలు అందులో దర్జాగా ఉంటూనే బయటి అనుచరులకు ఆజ్ఞలు పంపేవారు. వారి బలమంతా ఆ మాటలోనే ఉండేది.

1985 వేసవిలో జొవాన్ని ఫాల్కోనే, పావొలో బొర్సెల్లీనో అనే ఇద్దరు న్యాయాధికారులను ప్రాణరక్షణ కోసం కుటుంబాలతో సహా అసినారా అనే జైలు దీవికి తరలించారు. మాఫియాపై మహావిచారణకు కావలసిన పత్రాలను వారక్కడ సిద్ధం చేశారు. ఆ బసకు ప్రభుత్వం తరువాత వారికే బిల్లు పంపింది! 1992 జనవరి 30న అత్యున్నత న్యాయస్థానం ఆ విచారణలోని శిక్షలను స్థిరపరచింది. అదే ఏడాది మే 23న ఫాల్కోనేను, జూలై 19న బొర్సెల్లీనోను బాంబులతో చంపారు.

ఇటలీ కారాగార చట్టంలో '41 బిస్' అనే నిబంధన ఉంది. 'బిస్' అంటే లాటిన్‌లో 'రెండుమార్లు'. 41కి తోకగా చేర్చినది. 1986లో జైలు తిరుగుబాట్ల కోసం పుట్టిన ఆ నిబంధనను 1992లో మాఫియా ఖైదీలకు విస్తరించారు. ఏకాంత నిర్బంధం, ఉత్తరాల తనిఖీ, నెలకొక గంట అద్దం చాటు ములాఖతు. చట్టం దృష్టిలో ఇది అదనపు శిక్ష కాదు, ఆజ్ఞలు బయటికి పోకుండా అడ్డుకట్ట. 1993లో పట్టుబడిన తొతో రియీనాను కొంతకాలం ఆ అసినారాలోనే ఉంచారు.

దెబ్బ తగలవలసినచోటే తగిలింది. ఈ కట్టడిని సడలింపజేయాలని కూడా 1993లో మాఫియా బాంబులు పేల్చింది. ఫ్లోరెన్సు, మిలాన్‌లలో 10 మంది చనిపోయారు. ఆ నవంబరులో మంత్రి 300కు పైగా ఉత్తర్వులను పొడిగించక వదిలేశారు. 2002లో నిబంధన శాశ్వతమైంది.

చిన్న చీటీలతో ముఠాను ఏలిన బెర్నార్దో ప్రొవెంజానో నాలుగు దశాబ్దాలకు పైగా అజ్ఞాతంలో ఉండి, 2006లో దొరికాడు. చెరలో మతి క్షీణించి, పొందికగా మాటాడే శక్తి పోయింది. అయినా 2016లో కట్టడిని పొడిగించారు. ఆ జూలైలోనే మరణించాడు. ఆ పొడిగింపు అమానుషమని యూరపు మానవహక్కుల న్యాయస్థానం 2018లో తీర్పిచ్చింది.

హతులైన ఆ ఇద్దరినీ తలచుకుంటే ఈ కాఠిన్యం నాకు తప్పనిపించదు. కాని మాటను ఆపడానికి కట్టిన గోడ, మాటే పోయిన మనిషి చుట్టూ ఇంకా నిలిచి ఉంటే, అది అడ్డుకట్టా, పగా? ఆ తేడా మరచిన దండనీతిని నీతి అనడానికి నాకు నోరు రాదు.