పసిపిల్లల బడికి చోటు దొరికిన కథ

మన పూర్వ విద్యార్థుల సంఘం ఏర్పడిన 1975లోనే, అక్టోబరు 2న, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం దేశంలోని 33 బ్లాకుల్లో మొదలైంది. అంగన్‌వాడీలు ఆ పథకంతోనే ఊరూరికీ వచ్చాయి. మన సంఘానికీ, ఆ పథకానికీ ఒకేసారి యాభై ఏళ్లు నిండాయి. మనలో చాలామందిమి నేరుగా ఒకటో తరగతిలో చేరినవాళ్లమే. ఇప్పుడు మనవలకు మూడేళ్లు నిండకముందే బడి వెతుకుతున్నాం. ఆ వెతుకులాటలో మొదట కళ్లబడేది భవనమే. అది తప్పేమీ కాదు. పసివాళ్ల చదువులో చోటుకు ఎంత విలువ ఉందో చరిత్ర చెబుతూనే ఉంది.

పూర్వం మన ఊళ్లలో బడి అంటే చాలాచోట్ల వీధి అరుగే. పంతులుగారు అరుగు మీద కూర్చుంటే పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. గాలి, నీడ ఉండేవి. ఇల్లు నాలుగడుగుల దూరం కాబట్టి తల్లికి బెంగ ఉండేది కాదు. కానీ ఆ అరుగు ఎక్కే వీలు అన్ని కులాల పిల్లలకూ లేదు. ఎవరి పిల్లలు చదవాలో చాలాసార్లు ఆ చోటే తేల్చేసేది.

పసివాళ్లకు వేరే చోటు కావాలని గట్టిగా చెప్పినవారిలో జర్మనీకి చెందిన ఫ్రోబెల్ ముఖ్యుడు. 1837లో ఆయన బ్లాంకెన్‌బర్గ్‌లో బడి ప్రారంభించి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరుపెట్టాడు. అంటే పిల్లల తోట. ఆయన ఊహించిన బడిలో ప్రతి పిల్లవాడికీ సొంతంగా ఒక చిన్న మడి ఉండాలి.

తర్వాతి పెద్ద అడుగు రోమ్ నగరంలో పడింది. సాన్ లోరెంజో అనే కూలీల పేటలో తల్లిదండ్రులు పనికి పోతే పిల్లలు రోజంతా మెట్ల మీద, గోడల మీద పడి ఆడేవారు. గోడలు పాడవుతున్నాయని ఇళ్ల యజమానులు అదే భవనంలో ఒక గది ఇచ్చారు. డాక్టర్ మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న అక్కడ ‘పిల్లల ఇల్లు’ తెరిచారు. నేలకు బిగించిన బల్లలు వద్దని, పసివాడు తానే మోసుకెళ్లగల తేలికైన కుర్చీలు, చెయ్యి అందే అలమరలు చేయించారు. తేలికైన కుర్చీ తగిలితే పడుతుంది, చప్పుడవుతుంది. అలా పడకుండా నడవడం పిల్లవాడు తనంతట తానే నేర్చుకుంటాడని ఆమె అన్నారు. బడి తాముండే భవనంలోనే ఉండటంతో తల్లులు ఎప్పుడైనా వచ్చి చూసుకునేవారు. బదులుగా పిల్లలను శుభ్రంగా పంపాలన్నది నియమం.

ఆమె 1939లో మద్రాసు వచ్చి అడయారులో సుమారు 300 మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. అంతకుముందే, 1920లో, గిజుభాయి బధేకా గుజరాత్‌లోని భావనగర్‌లో బాలమందిరం తెరిచారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీ గ్రామానికి వెళ్లారు. అక్కడ ఖరీదైన బోధనా పరికరాలకు దారి లేదు. గులకరాళ్లు, గవ్వలు, గింజలు, ఆకులే పరికరాలయ్యాయి. పేద పిల్లలు బడికి రాకపోతే, తారాబాయి, అనుతాయి వాఘ్ బడినే వాళ్ల పేట ముంగిట్లోకి తీసుకెళ్లారు. అదే అంగన్‌వాడీ. అంగణం అంటే ముంగిలి. ఆ తర్వాత కోస్‌బాడ్‌లో పశువులు కాసే పిల్లల కోసం మేతబీడులోనే బడి పెట్టారు.

ఆ పేరు దేశమంతా వ్యాపించినా, ముంగిలి మాత్రం అన్నిచోట్లా దక్కలేదు. ఎన్నో కేంద్రాలు అద్దె గదుల్లో నడిచాయి. పప్పు ఉడికే చోటే పాటలు, అక్కడే నిద్ర. మరుగుదొడ్డి లేదని, పాప తడిసి ఇంటికొస్తోందని, స్తోమతు లేకపోయినా ఫీజు కట్టి ప్రైవేటు బడికి మార్చిన తల్లులు ఉన్నారు. వాళ్లది ఆడంబరం కాదు, అవసరం. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చినా, అది 6 నుంచి 14 ఏళ్ల వారికే. అందులోని ఆటస్థలం, మరుగుదొడ్ల ప్రమాణాలు పసివాళ్ల బడికి వర్తించలేదు. అందుకే పట్టణాల్లో ఇంటి కింది వాటాలో, గేటుకు రంగుల బొమ్మలు వేసి బడి తెరవడం సులువైంది. బొమ్మలు పెద్దల కంటికి. పిల్లవాడికి కావలసింది గేటు లోపల ఉండాలి.

కాబట్టి మనవడి కోసం బడి చూడబోయినప్పుడు ఒక్క నిమిషం గొంతుకూర్చుని చూడండి. కుళాయి వాడికి అందుతుందా? మరుగుదొడ్డి తలుపు తానే తీయగలడా? బొమ్మలు అందే ఎత్తులో ఉన్నాయా, బీరువాలో తాళం వేసి ఉన్నాయా? పరిగెత్తడానికి మట్టి నేల, చెట్టు నీడ ఉన్నాయా?

స్వర్ణోత్సవానికి గుర్తుగా ఏం కట్టాలన్న చర్చ ఏ సంఘంలోనైనా వస్తుంది. ముఖద్వారం మీద మన పేర్లు చెక్కించుకోవచ్చు. దానికి ముందు ఊరి అంగన్‌వాడీకి ఒక చిన్న మరుగుదొడ్డి, వేరుగా ఒక వంటగది, ముంగిట్లో రెండు వేపమొక్కలు ఇవ్వగలమేమో ఆలోచిద్దాం.