కాటి సీను: ఎవరి దుఃఖం?

పెనుగంచిప్రోలు చుట్టుపట్ల పల్లెల్లో హరిశ్చంద్ర నాటకమంటే మా పెద్దోళ్ళు దుప్పట్లు కప్పుకొని తెల్లవార్లూ కూచునేవాళ్ళు. కాటి సీను రాగానే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆ కన్నీళ్ళని మేం తక్కువ చెయ్యం. అవి ఎవరి కోసం కార్చినవన్నదే మా ప్రశ్న.

బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన 'సత్య హరిశ్చంద్రీయం'లో రాజు రాజ్యం పోగొట్టుకుని, ఆలుబిడ్డల్ని అమ్ముకుని, చివరికి వీరబాహుడి కింద కాటికాపరి అవుతాడు. గొప్పవాడు పడిపోతే చూసేవాళ్ళలో జాలీ భయమూ పుడతాయని గ్రీకు విషాద నాటకాల గురించి అరిస్టాటిల్ అన్నాడు. ఇక్కడ రాజు పడ్డ చోటు ఏది? మనవాళ్ళు తరతరాలుగా చాకిరీ చేసిన కాడు. రాజు కొన్నాళ్ళు చేస్తే అది సత్యపరీక్ష, మనం చేస్తే కులవృత్తి! మార్కండేయ పురాణంలోనైతే ఆ చండాలుడు మారువేషంలో ఉన్న ధర్ముడే. కథ ముగిసేసరికి రాజుకు బిడ్డ దక్కాడు, చండాలుడు మాత్రం మాయమయ్యాడు.

చచ్చిన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి బౌద్ధంలోనూ ఉంది. ఆమె కిసాగోతమి. బుద్ధుడు బిడ్డను బతికించలేదు, చావెరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మన్నాడు. ఇల్లిల్లూ తిరిగి, దుఃఖం తనొక్కదానిదే కాదని ఆమె తెలుసుకుంది. చంద్రమతి దుఃఖం దేవుళ్ళు దిగొస్తే తీరింది. కాటిసుంకం, దాన్ని వసూలు చేయించే కులం అట్లాగే ఉన్నాయి. దుఃఖానికి కారణముంది, కారణాన్ని తీసేస్తే దుఃఖం పోతుందంటుంది బౌద్ధం. పూర్వజన్మ కర్మ మాట బౌద్ధ గ్రంథాల్లోనూ కనపడుతుంది, నిజమే. 1957లో వెలువడిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం'లో అంబేద్కర్ దాన్ని ఒప్పుకోలేదు. పేదరికాన్ని పోయిన జన్మ మీదికి నెడితే సమాజానికి బాధ్యత తప్పుతుంది కదా!

జాషువా (1895–1971) శ్మశానవాటి పద్యాలను నటులు కాటి సీనులో కలుపుకొని పాడారు. దళిత కవి పద్యం రంగస్థలమెక్కింది గాని, రాజు నోటనే పలికింది. థేరగాథల్లో అట్లా కాదు. వాడిన పూలు ఊడ్చిన సునీతుడు తన బతుకు తనే చెప్పుకున్నాడు.

ఈ సంప్రదాయం మనకు దూరపుది కాదు. 1882లో బర్జెస్ తవ్వించిన జగ్గయ్యపేట స్తూపం మన పక్కనే ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో అక్కడ ఆయక స్తంభాలు నిలబెట్టించింది సిద్ధార్థుడనే పనివాడు. రాజు పేరున్న రాతి మీదే పనివాడి పేరూ నిలిచింది.

నాటకాన్ని తగలెయ్యమని మేమనడం లేదు. కాటి సీను మళ్ళీ ఆడాలి, ఈసారి కాటికాపరి తన కథ తానే చెప్పుకోవాలి.