ఉక్కు మీద రాజముద్రలు

రాజ్యం చేతులు మారినప్పుడు మారేవి నాణేలు, తపాలా బిళ్ళలే కావు. సిపాయి చేతిలోని తుపాకీ మీది ముద్ర కూడా మారుతుంది. పాత ఆయుధాల కాలాన్ని నిర్ణయించేవారికి మొదటి ఆధారం అదే. కోల్‌కతా పరిసరాల్లో ఆ ముద్రల వెంట నడిస్తే రెండు శతాబ్దాల రాజకీయ చరిత్ర కనిపిస్తుంది.

ఈస్టిండియా కంపెనీ తొలినాటి మస్కెట్ల మీద నాలుగు గదుల హృదయాకారపు గుర్తు ఉండేది. సరుకుల మూటల మీద కంపెనీ వేసిన వర్తక ముద్రే అది. సుమారు 1808 నుంచి దాని స్థానంలోకి కిరీటం పట్టి నిలుచున్న సింహం వచ్చింది. వర్తకుడు పాలకుడయ్యాడన్న సంగతిని ఉక్కే నమోదు చేసింది.

1857 మార్చి 29న బరాక్‌పూర్‌లో మంగళ్ పాండే తిరగబడ్డాడు. మరుసటి ఏడాది పాలన బ్రిటిష్ రాణి చేతికి వెళ్ళింది. ఆ తర్వాత భారతీయ సిపాయిలకు ఇచ్చిన మస్కెట్లు బయటికి ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళలాగే ఉండేవి. గొట్టం లోపల మాత్రం తూటాను గురి తప్పకుండా తిప్పే మెలికల గాడులు ఉండేవి కావు. ఆ తేడా ముద్రలో దొరకదు; గొట్టంలోకి చూస్తేనే తెలుస్తుంది.

బరాక్‌పూర్‌కు కొద్ది మైళ్ళ దూరంలోని ఇషాపూర్ కర్మాగారం 20వ శతాబ్దం తొలి దశకంలో రైఫిళ్ళ తయారీ చేపట్టింది. అక్కడి లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్టు పిడి దిగువన, చెక్క బట్ మొదలయ్యే చోట ఉన్న ఉక్కు పట్టీ మీద కిరీటం, చక్రవర్తి జార్జిని సూచించే జి.ఆర్.ఐ. అక్షరాలు, ఊరి పేరు, సంవత్సరం, నమూనా వరుసగా ఉంటాయి. గణతంత్రం వచ్చాక కిరీటం స్థానాన్ని అశోకుని సింహాలు తీసుకున్నాయి. 1962 చైనా యుద్ధం తర్వాత అదే ఆకృతిలో 7.62 మిల్లీమీటర్ల 2ఏ రైఫిల్, ఆపైన 2ఏ1 వచ్చాయి. వీటిని పాత .303కు మార్పులు చేసినవిగా పొరబడేవారున్నారు. ఇవి మరింత గట్టి ఉక్కుతో కొత్తగా చేసినవి. పట్టీ మీది 1960ల నాటి సంవత్సరమే అందుకు సాక్ష్యం.

అయితే ఇషాపూర్‌లోనే కొన్ని .303 రైఫిళ్ళ గాడులు తొలిచి, ఒక్కొక్క తూటా పెట్టి పేల్చే .410 మస్కెట్లుగా మార్చారు. అవి పోలీసుల కోసం. తిరుగుబాటుదారుల చేతికి చిక్కినా రైఫిల్‌గా పనికిరాకూడదన్నది ఉద్దేశం. స్వాతంత్ర్యం తర్వాత కూడా దశాబ్దాలపాటు అవి ఠాణాల్లో నిలిచే ఉన్నాయి. కిరీటం చెరిగిపోయినంత సులభంగా, 1857 నాటి అపనమ్మకం చెరిగిపోలేదు.