దారుహరిద్ర: యుక్తి ప్రమాణానికి ఒక నిదర్శనం

చరకసంహిత సూత్రస్థానంలోని పదకొండవ అధ్యాయం పరీక్షను నాలుగు విధాలుగా నిరూపించింది: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి. మొదటి మూడూ దర్శనశాస్త్రాలలో సుపరిచితాలే. యుక్తిని ప్రత్యేకంగా పరిగణించడమే ఆయుర్వేదం యొక్క విశిష్టత. అనేక కారణాల సంయోగం చేత ఒక కార్యం సిద్ధించడాన్ని దర్శించే బుద్ధియే యుక్తి. జలం, కర్షణం, బీజం, ఋతువు కలిసినప్పుడే సస్యం పండుతుంది. వాటిలో ఏదీ ఏకాకిగా ఫలించదు. ఈ సూక్ష్మాన్ని దారుహరిద్ర చరిత్ర ప్రత్యక్షంగా చూపుతుంది.

దారుహరిద్ర హిమాలయ సానువులలో స్వయంగా పెరిగే ముళ్ళపొద. దీని కాష్ఠం, వేరు పసుపువలె పచ్చగా ఉండడమే ఆ నామానికి హేతువు. సుశ్రుతుడు దీనిని హరిద్రాది గణంలో చేర్చి, ఆమాతిసారానికి ఔషధంగా చెప్పాడు. దీని కషాయాన్ని పాలతో కలిపి ఘనీభవించే వరకు కాచినదే రసాంజనం. నేత్రరోగాలలో, వ్రణాలలో దానిని ప్రయోగించేవారు.

ఈ ద్రవ్యం కీర్తి సముద్రాలను దాటింది. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయాస్కొరిడీస్ ‘లైకియన్’ అనే ఔషధంలో భారతదేశపుదే శ్రేష్ఠమన్నాడు. అదే శతాబ్దానికి చెందిన ‘పెరిప్లస్’ అనే నౌకావాణిజ్య గ్రంథం, సింధుముఖంలోని బర్బరికాన్ని, భరుకచ్ఛాన్ని దాని ఎగుమతి రేవులుగా పేర్కొన్నది. సహారన్‌పూర్ వృక్షోద్యానాన్ని నిర్వహించిన జాన్ ఫోర్బ్స్ రాయిల్, ఆ లైకియన్ మన రసాంజనమేనని 1830వ దశకంలో నిరూపించాడు.

అదే దశకంలో ఐరోపాలో బుక్నర్ ఈ జాతి మొక్క నుండి పసుపువర్ణపు క్షారాభాన్ని వేరుచేశాడు. అదే బెర్బెరిన్. ప్రయోగశాలలో అది పలు సూక్ష్మక్రిముల వృద్ధిని నిరోధిస్తుంది. 1987లో ప్రచురితమైన బంగ్లాదేశ్ పరిశోధనలో ఒక రకమైన ఇ.కోలై క్రిమి వలన కలిగిన అతిసారాన్ని అది తగ్గించింది; కలరాలో మాత్రం అంతటి ప్రయోజనం కనబడలేదు.

ఇక్కడే ఒక విచిత్రమున్నది. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే క్రిమిపై శుద్ధ బెర్బెరిన్ బలహీనం. కారణం, ఆ క్రిమి తన కణత్వచంలోని బహిష్కరణ యంత్రం ద్వారా లోపలికి వచ్చిన బెర్బెరిన్‌ను వెలుపలికి తోసివేస్తుంది. 2000లో స్టెర్మిట్జ్, లూయిస్ మొదలైనవారు అమెరికాలో పెరిగే బెర్బెరిస్ జాతులను పరిశీలించగా, వాటిలో మెథాక్సీహైడ్నోకార్పిన్ అనే మరొక పదార్థం కనబడినది. దానికి స్వయంగా క్రిమిసంహారక శక్తి లేదు. కానీ అది ఆ యంత్రాన్ని స్తంభింపజేస్తుంది. అప్పుడు బెర్బెరిన్ కణంలోనే నిలిచి క్రిమిని జయిస్తుంది.

ప్రధాన కారణాన్ని మాత్రమే గ్రహించి సహకారి కారణాన్ని విస్మరిస్తే కార్యం సిద్ధించదు. నైయాయికులు సహకారి అన్నదీ, చరకుడు బహుకారణ యోగమన్నదీ ఆ మొక్క దేహంలోనే మూర్తీభవించి ఉన్నవి. అయితే దీనిని బట్టి ప్రాచీనులకు సూక్ష్మక్రిములు, అణునిర్మాణాలు తెలుసునని చెప్పడం యుక్తికే విరుద్ధం. వారు ఫలితాన్ని చూశారు, సంయోగాన్ని గౌరవించారు; దాని అంతర్నిర్మాణాన్ని ఆధునికులు చూశారు. ఇరువురి దృష్టినీ కలిపి చూడగలవాడే నిజమైన జిజ్ఞాసువు.

వివేకానికి మరొక పార్శ్వమూ ఉన్నది. బెర్బెరిన్ నవజాత శిశువులలో కామెర్లను తీవ్రం చేయగలదు. కనుక గర్భిణులు, శిశువులు దీనిని సేవించరాదు. వనమూలిక గనుక నిరపాయమే అనుకోవడం భ్రాంతి.

చివరిది ధర్మసంబంధమైనది. ఔషధం వేరులో ఉన్నందున సేకరించడమంటే మొక్కను సంహరించడమే. హిమాలయ దారుహరిద్ర అతివినియోగం చేత క్షీణిస్తున్నది. దక్షిణాన దారుహరిద్రగా వాడుకలో ఉన్న పశ్చిమ కనుమల మానుపసుపు తీగ సైతం అంతరించే ప్రమాదంలో ఉన్నది. యుక్తి సంపూర్ణం కావాలంటే కారణాల గణనలో రోగి, వైద్యుడు, ద్రవ్యంతోపాటు అరణ్యమూ చేరాలి. వనమే లేనిచోట వనమూలిక ఎక్కడిది?