పలకతో పాటు సైకిలు

తమిళనాడులో విరుదునగర్ జిల్లా నరికుడి నుంచి ఈశాన్యంగా శివగంగ జిల్లా దాటితే పుదుక్కోట్టై. రెండుచోట్లా వాన కోసం ఎదురుచూసే మెట్టనేలే, చెరువు నిండితేనే పంట. విరుదునగర్, కోవిల్‌పట్టి చుట్టుపక్కల తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడటం ఎలా ఉంటుందో ఆ ఇళ్ల ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1980ల్లో శివకాశి ప్రాంతపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల బండ్లు తెల్లారకముందే పల్లెల్లోకి వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోయేవి. పనిలోకి తీసుకెళ్లే బండి గుమ్మం దగ్గరికే వచ్చింది. బడికీ ఆసుపత్రికీ సంతకీ పోవాలంటే మాత్రం కాళ్లే దిక్కు.

ఈ కష్టానికి పుదుక్కోట్టై ఆడవాళ్లు 1990ల మొదట్లో దారి కనుక్కున్నారు. అదీ అక్షరాస్యత ఉద్యమంలోంచి!

1991లో ఆ జిల్లాలో ‘అరివొళి ఇయక్కం’ అనే అక్షరాస్యత ఉద్యమం ఊరూరా రాత్రి బడులు తెరిచింది. కలెక్టర్ షీలారాణి చుంకత్, తమిళనాడు సైన్స్ ఫోరం కార్యకర్తలు, జీతం లేకుండా చదువు చెప్పే యువతీయువకులు కలిసి నడిపిన పని అది. మొదట ఎదురైన చిక్కు చాలా మామూలుది. లోపలి పల్లెలకు వెళ్లి చదువు చెప్పాల్సిన ఆడపిల్లలు అక్కడికి చేరేదెలా? అన్నో నాన్నో సైకిలు వెనక కూర్చోబెట్టుకుని దించితే తప్ప కదల్లేని పరిస్థితి. కార్యకర్తలకు సైకిలు నేర్పిస్తే సరిపోతుందని అక్కడితో ఆగిపోవచ్చు. చుంకత్ ఆగలేదు. తనంతట తాను కదల్లేని మనిషికి ధైర్యం ఎక్కడినుంచి వస్తుందని ఆలోచించి, సైకిలు తొక్కడాన్ని చదువులో భాగం చేశారు. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఇదే.

ఆ తర్వాత ఒక్కొక్కరూ ఒక్కో పని భుజానికెత్తుకున్నారు. సైకిలు కొనుక్కోవడానికి కార్యకర్తలకు అప్పులివ్వమని కలెక్టర్ బ్యాంకుల వెంటపడ్డారు. ఏ బ్లాకు ఏం చేయాలో పంచి ఇచ్చారు. కార్యకర్తలు సైకిలు మీద పాటలు కట్టి పాడారు. నేర్చుకున్నవాళ్లు మిగతావాళ్లకు నేర్పారు. కీళకురిచ్చి ఊళ్లో సైకిలు శిక్షణకు ఆడవాళ్లు పండక్కి వచ్చినట్టు మంచి చీరలు కట్టుకుని వచ్చారట. రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లు, వ్యవసాయ కూలీలు, బడి టీచర్లు, ముస్లిం యువతులు, అందరూ తొక్కారు. వెక్కిరింతలకు కొదవలేదు, చెవిన పెట్టే తీరికే వాళ్లకు లేకపోయింది.

దుకాణాల్లో లేడీస్ సైకిళ్లు అయిపోతే మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని కొందరు వాటినే కోరి తీసుకున్నారు. వెనక నీళ్ల బిందె, ముందు పిల్ల! సరుకు అమ్ముకునేవాళ్లు బస్సు కోసం కాచుకోకుండా రెండు మూడు ఊళ్లు తిరిగి, పొద్దుండగానే ఇంటికి చేరగలిగారు. 1992 మహిళా దినోత్సవాన 1,500 మందికి పైగా ఆడవాళ్లు సైకిళ్లకు జెండాలు కట్టుకుని, గంటలు మోగిస్తూ పుదుక్కోట్టై వీధుల్లోకి వచ్చారు. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ ఈ కథను దేశానికంతటికీ చెప్పారు.

అదే కాలంలో, అలాంటి అక్షరాస్యత బడులే నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక పోరాటానికి దారితీశాయి. చదువు చెప్పడానికి వెళ్లినవాళ్లు ఆడవాళ్ల కష్టం వినడానికి కూడా కూర్చున్నారు. ఒకచోట సారా దుకాణం మూతబడింది, ఇంకోచోట సైకిలు కదిలింది.

2001 తర్వాత తమిళనాడులో బడిపిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా సైకిళ్లు ఇవ్వసాగింది. కరోనా రెండో అల ఉధృతంగా ఉన్న 2021 మే నెలలో మామూలు టౌన్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ తీసేశారు. కొద్దికాలానికే ట్రాన్స్‌జెండర్లకు, వికలాంగులకు కూడా ఆ వీలు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఇదే బాట పట్టారు. కూలి డబ్బులో ఛార్జీకి పోయే భాగం చేతిలో మిగలడం చిన్న సంగతి కాదు.

కానీ ఉచిత టిక్కెట్టు బస్సు వచ్చే ఊరికే పనికొస్తుంది. నరికుడి లాంటి చోట బస్సు ఏ వేళకు రావాలో చెప్పాల్సింది అందులో ఎక్కేవాళ్లు. పొదుపు సంఘాల ఆడవాళ్లు, పంచాయతీ, బడి, ఆరోగ్య కేంద్రం, బస్సు డిపో ఒకచోట కూర్చుని టైము పట్టిక రాసుకోవాలి. పుదుక్కోట్టైలో బ్లాకు బ్లాకుకీ పని పంచిన పద్ధతిని ముందుగా ఇక్కడే వాడి చూడవచ్చు.