బాల వారసుడు (తెలుగు అద్భుత కథలు)

రాజ్యభారానికి సిద్ధపడని పసివాడు కష్టాలలో పడి నాయకుడిగా ఎదిగే ఇతివృత్తం తెలుగు అద్భుత కథలలో, అంటే మంత్రతంత్రాలతోనూ మాయాలోకాలతోనూ నడిచే కథలలో, చాలా పాతది. పదమూడవ శతాబ్దిలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చిన దశకుమార చరిత్రలో, యుద్ధంలో ఓడి అడవి పాలైన మగధరాజు కుమారుడు రాజవాహనుడు చెలికాండ్రతో దిగ్విజయానికి బయలుదేరి, పాతాళానికి దిగి వారికి దూరమవుతాడు; చెల్లాచెదరైన కుమారులు మళ్ళీ కలుసుకొని ఎవరి సాహసాన్ని వారు చెప్పుకోవడమే ఆ కావ్యంలో ప్రధాన భాగం. పరవస్తు చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికది వేరే దారి: అక్కడ చదువబ్బని రాజపుత్రులకు విష్ణుశర్మ ఆరు నెలలలో కథల ద్వారానే రాజనీతి బోధిస్తాడు.

జానపదులు మనసిచ్చింది మొదటి దారికే. ఇందుకు బాలనాగమ్మ కథను మించిన నిదర్శనం లేదు. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి తీసుకుపోతాడు. వెతకబోయిన భర్త కార్యవర్ధిరాజు రాయైపోతాడు. బంధువుల పెంపకంలో ఉన్న కొడుకు బాలవర్ధిరాజు నిజం తెలుసుకొని ఒంటరిగా బయలుదేరి, ఫకీరు కోటకు పూలు అందించే ముసలమ్మ మనుమడిగా లోపల ప్రవేశించి, శత్రువు ప్రాణం సప్తసముద్రాల అవతల ఒక చిలుకలో ఉన్నదని తల్లి ద్వారా రాబట్టి, ఆ చిలుకను తెచ్చి అతణ్ణి చంపుతాడు. సైన్యం, మంత్రి, గురువు ఎవరూ లేని ఈ బాలుడు ఇతరులను నమ్మించడం, అదను కోసం ఓర్చుకోవడం, చెరలో ఉన్నవారి బాధ్యతను తలకెత్తుకోవడం దారిలోనే నేర్చుకుంటాడు. కథకు ఇంత ఆయుష్షునిచ్చినది ఈ భాగమే. సురభి నాటక సమాజాలు ఈ కథను రంగస్థలంపై నిలబెట్టగా, 1942లో జెమినీ సంస్థ సి. పుల్లయ్య దర్శకత్వంలో కాంచనమాల నాయికగా, గోవిందరాజుల సుబ్బారావు ఫకీరుగా చలనచిత్రం తీసింది. వంశం తెలియకుండా పెరిగిన వారసుడు బాహుబలి చిత్రాలలో (2015, 2017) మళ్ళీ కనిపించాడు.

ఈ కథలన్నీ రాజ్యం చేజిక్కడంతోనో బంధువులు కలుసుకోవడంతోనో ముగిసి, తరువాతి పాలనను విడిచిపెడతాయి. కథలు విడిచిపెట్టిన ఆ భాగం ఎలా ఉంటుందో ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్టప్రాంతాన్ని ఏలిన ఒక నిజమైన బాల వారసుడి చరిత్రలో స్పష్టంగా తెలుస్తుంది. నందిగామ, జగ్గయ్యపేట పరిసరాలు అప్పట్లో వాసిరెడ్డి వారి జమీందారీలో ఉండేవి. బాల్యంలోనే తండ్రి జగ్గయ్యను కోల్పోయిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పినతండ్రి సంరక్షణలో పెరిగి, 1783లో అధికారం చేపట్టాడు. బేతవోలుకు తండ్రి పేరుతో జగ్గయ్యపేట అని పేరు పెట్టి, ఆ తరువాత రాజధానిని చింతపల్లి నుంచి అమరావతికి మార్చాడు. సొంత సంతానం లేని ఆయన ఒక దత్తపుత్రుడు జీవించి ఉండగానే మరొకరిని దత్తత తీసుకోవడంతో, ఆయన మరణానంతరం వారసత్వ వివాదం లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. మొదటి దత్తుడుండగా చేసిన రెండవ దత్తత చెల్లదని ఆ న్యాయస్థానం 1846లో తీర్పునిచ్చింది.